మావిస్ టర్విల్‌ను ఎవరూ చంపలేదు

నెదర్ పెంబుల్ గ్రామంలో ఈ వసంతకాలంలో నలుగురు పెద్దలు హత్యకు గురయ్యారనీ, నలుగురూ కులాసాగా ఉన్నారనీ, ఎవరి పనులు వారు యథాప్రకారం చేసుకుంటున్నారనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. చర్చి ఫాదర్ క్లెమెంట్ ఓట్‌వే గారి మెడకు గంట తాడు బిగిసింది. పోస్టాఫీసూ కిరాణా కొట్టూ కలిపి నడిపే డోరీన్ ప్లమ్ నెత్తిన ఎవరో నిండు జామ్ సీసాతో మోదారు. ఉల్లిపాయలు పెంచే బార్నబీ గూచ్ తన ఎరువు కుప్పలోనే తలకిందులుగా దొరికాడు. పళ్ళ డాక్టరుగా రిటైరైన ఫెన్విక్ గారు విషం కలిసిన కేకు తిని, మర్యాద కోసం రెండో ముక్క కూడా అడిగి పుచ్చుకుని, అప్పుడు పోయారు.

ఇదంతా ‘రెండు చెంచాల విషం’ అనే నవలలో జరిగింది. టీ తాగుతూ, కాళ్ళ మీద శాలువా కప్పుకుని, ఒడిలో పిల్లిని పెట్టుకుని చదువుకునే హత్యల నవల అది. అలాంటి నవలల్లో నెత్తురు తివాచీ మీద పడదనీ, పోయినవాళ్ళ కోసం వంట ఆగదనీ పాఠక మహాశయులకు వేరే చెప్పనక్కర్లేదు. రాసినావిడ ఇమోజెన్ ఫెల్. లండన్ నుంచి వచ్చి ఊళ్ళో పాత బేకరీలో కాపురం పెట్టి మూడేళ్ళే అయింది కాబట్టి ఆమెను ఇంకా ‘కొత్తావిడ’ అంటారు. ఇరవై రెండేళ్ళ కిందట వచ్చిన ఫెన్విక్ గారిని కూడా అలాగే ‘కొత్తాయన’ అంటారు. చట్టానికి భయపడి ఇమోజెన్ పేర్లన్నీ మార్చింది. ఫాదర్ ఓట్‌వే పుస్తకంలో ఫాదర్ బోట్‌వే. ఆ మారువేషాన్ని ఛేదించడానికి ఊరికి సుమారు పావుగంట పట్టింది.

పుస్తకం వచ్చిన వారం రోజుల్లో గ్రామంలో కొత్త మర్యాదలు ఏర్పడ్డాయి. హతులు అందరికన్నా పైవరుస. ఆ తరవాత హంతకుడు, అంటే బ్యాంకు మేనేజరు బావమరిది. అతను ఇప్పుడు ఎవరినైనా చేయి కలిపి పలకరించడం మానేసి తల మాత్రం పంకిస్తున్నాడు. తరవాత అనుమానితులు, సాక్షులు, చివరగా శవాన్ని చూసి కేక పెట్టినవాళ్ళు. ఆదివారాలు పదకొండు మంది వచ్చే చర్చికి ఫాదర్ గారు పోయిన దగ్గర్నుంచి అరవై మంది వస్తున్నారు. ఆయన ప్రసంగం మధ్యలో తాడు తీసి చూపిస్తున్నారు. డోరీన్ కొట్టు కిటికీకి అట్ట కట్టింది: ‘నన్ను ఇక్కడే చంపారు. 143వ పేజీ. రొట్టె, పాలు తాజాగా దొరుకును.’ గూచ్ ఎరువు కుప్ప చుట్టూ చిన్న కంచె వేసి, పక్క ఊళ్ళవాళ్ళు ఫోటో తీసుకోవడానికి వస్తే టోపీ సర్దుకుని నిలబడుతున్నాడు. సారాయి దుకాణం దగ్గర పడుకునే చెవిటి కుక్కకి కూడా 88వ పేజీలో ఒక ఆధారం కనిపెట్టే పాత్ర దొరికింది.

దొరకనిది ఒక్క మావిస్ టర్విల్‌కే.

మావిస్ గత ముప్ఫై రెండేళ్ళుగా గ్రామ పూల, కూరగాయల, వంటకాల వార్షిక ప్రదర్శనకు గౌరవ కార్యదర్శి. ఆమెకి అరవై తొమ్మిదేళ్ళు, నిటారు నడక, ఎప్పుడూ ఒకే ఆకుపచ్చ టోపీ. ప్రదర్శనకు ముప్ఫై ఎనిమిది పేజీల నియమావళి ఉంది. దాన్ని ఆమే రాసింది, ఆమే సవరిస్తుంది, ఆమే అమలు చేస్తుంది. విక్టోరియా కేకు రెండు పొరల మధ్య రాస్ప్‌బెర్రీ జామ్ తప్ప మరేదీ ఉండకూడదు. మీగడ గానీ వెన్నక్రీము గానీ కనిపిస్తే, రుచి చూడకుండానే ఆ పళ్ళెం ముందు చిన్న తెల్ల కార్డు నిలబెడతారు: ‘నియమానుసారం లేదు.’ డోరీన్ కేకు ముందు ఆ కార్డు ఆరుసార్లు నిలబడింది. ఫాదర్ గారు స్కోన్లనే చిన్న రొట్టెలు నాలుగు పెట్టాల్సిన చోట దైవసేవలో పరధ్యానంగా ఐదు పెడితే ఆయన ముందూ నిలబడింది. గూచ్ భార్య ఆసుపత్రిలో ఉన్న ఏడాది అతను తొందరలో ఉల్లిపాయల మెడలు నార బదులు మామూలు దారంతో కట్టాడు. అప్పుడూ నిలబడింది. ఆ తరవాత తొమ్మిదేళ్ళుగా అతను ఆమెతో మాట్లాడడు. గుడ్ మార్నింగ్ మాత్రం చెబుతాడు. అది మాట్లాడడం కింద రాదు. సొంత భర్త డెరిక్ బఠాణీ పూలు ఆరు కాడలకు ఏడు పెడితే, అదీ పెళ్ళిరోజున, ఆమె అదే కార్డు నిలబెట్టింది.

ఇంత ప్రజాసేవ చేసిన మనిషిని ఏ రచయిత్రి అయినా మొదటి అధ్యాయంలోనే చంపుతుందని ఆశించడం అత్యాశ కాదు. మావిస్ పుస్తకం వచ్చిన రోజే కొని, మధ్యాహ్నం వెనక గదిలో కూర్చుని, టీకెటిల్‌కి ఉన్నితొడుగు తొడిగి చదవడం మొదలుపెట్టింది. మొదట ఫాదర్ గారు పోయారు. సరే, మతానికి గౌరవం ఇవ్వాలి. డోరీన్ పోయింది. దాని నోటికి అది జరగాల్సిందే. గూచ్ పోయినప్పుడు మావిస్ కాస్త కుదురు తప్పి బిస్కెట్టు టీలో ఎక్కువసేపు ముంచింది. అది విరిగి అడుక్కి దిగిపోయింది. ఫెన్విక్ పోయేసరికి ఇంకా వంద పేజీలున్నాయి. ఆశ పోలేదు. 240వ పేజీలో పొదల వెనక ఆకుపచ్చ టోపీ ఒకటి కదిలింది. మావిస్ కుర్చీలో ముందుకు జరిగింది. రెండు పేజీల తరవాత అది గడ్డిబొమ్మ అని తేలింది.

పుస్తకం అయిపోయింది. మావిస్ చావలేదు, చంపలేదు, ఎవరినీ అనుమానించలేదు, ఏమీ వినలేదు, చూడలేదు. ఆ పుస్తకంలో ఆ ఊళ్ళో ఆమె లేనే లేదు. ప్రదర్శన మాత్రం జరిగింది, దానంతటదే.

డెరిక్ తలుపు దగ్గర నిలబడి అడిగాడు. “ఎలా ఉంది పుస్తకం?”

“ఆసక్తికరంగా ఉంది,” అంది మావిస్.

నలభై మూడేళ్ళ సంసారంలో ఆ మాట డెరిక్ నాలుగుసార్లే విన్నాడు. ఒకటి అతని తల్లి వండిన చేప గురించి. అతను వెళ్ళి మళ్ళీ కెటిల్ పెట్టాడు.

ఇంతలో ప్రదర్శన కమిటీ సమావేశమై, ఈ ఏడాది సందర్శకుల సౌకర్యార్థం ‘హత్యల నడక’ ఏర్పాటు చేయాలని తీర్మానించింది. వచ్చినవాళ్ళు నాలుగు హత్యాస్థలాలూ తిరుగుతారు. ప్రతి స్థలంలో సంబంధిత మృతులు నిలబడి తమ మరణం గురించి పది నిమిషాలు ఉపన్యసిస్తారు. కార్యక్రమ పత్రం టైపు చేసే బాధ్యత కార్యదర్శిది. మావిస్ టైపు చేసింది. చివరి వరుసలో తన పేరు కూడా టైపు చేసుకుంది: ‘టీ డేరా. మిసెస్ టర్విల్ పోస్తారు.’

ముప్ఫై రెండేళ్ళలో మొదటిసారి ఆమెకి ఏడుపొచ్చింది. ఏడవలేదు. దానికి బదులు రచయిత్రికి ఉత్తరం రాసింది.

ఉత్తరం పద్నాలుగు పేజీలు వచ్చింది. 31వ పేజీలో మే నెలలో డాలియాలు పూశాయి, పూయవు. 77లో గంట తాడుకి ముడి తప్పు. 201లో ఫెన్విక్ గారు తిన్న విక్టోరియా కేకులో వెన్నక్రీము ఉంది. విషం సంగతి పక్కన పెడితే, ఆ కేకుకి ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చిందని రాయడం పాఠకుల్ని తప్పుదారి పట్టించడమే. నాలుగు హత్యల మీద ఆమెకి అభ్యంతరం లేదు. నిజానికి చెప్పదలుచుకున్న మాట తప్ప ఆ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి. ఆ ఊళ్ళో ఉత్తరాలు అలాగే రాస్తారు.

మంగళవారం నాలుగింటికి ఇమోజెన్ ఆ ఉత్తరం పట్టుకుని వచ్చింది. మావిస్ మంచి కప్పులు తీసింది. కోపంగా ఉన్నప్పుడు తీసే కప్పులు అవే.

“పద్నాలుగు పేజీలండీ, మిసెస్ టర్విల్,” అంది ఇమోజెన్.

“చిన్న చిన్న సవరణలమ్మా. మీరేమీ అనుకోరని రాశాను.”

“వెన్నక్రీము తప్పని తొమ్మిది చోట్ల రాశారు.”

“పదకొండు చోట్ల.”

“అసలు సంగతి చెప్పండి. ఎందుకంత కోపం?”

“కోపమా? నాకా? ఇంకో బిస్కెట్టు తీసుకోండి.”

ఇమోజెన్ బిస్కెట్టు తీసుకుంది. లండన్‌లో పెరిగిన పిల్ల కాబట్టి మాట దాచుకోవడం సరిగ్గా నేర్చుకోలేదు. “మొదటి చిత్తుప్రతిలో పోయింది మీరేనండీ,” అంది.

మావిస్ చేతిలో కెటిల్ గాలిలో ఆగిపోయింది. “ఏ పేజీ?”

“మొదటి పేజీ. మొదటి వాక్యం. టీ డేరాలో, నీళ్ళు కాచే బాయిలరు పక్కన.”

“దేంతో?”

“కేకుల మందం కొలుస్తారే, మీ ఇత్తడి స్కేలు. దాంతో.”

మావిస్ మొహం విప్పారింది. అంత బాగా తనని ఎవరైనా గమనించారని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కొత్తావిడ అని ఇన్నాళ్ళూ ఈ పిల్లని తేలిగ్గా చూసినందుకు సిగ్గు కూడా వేసింది. “మరేమైంది?” అంది.

“పబ్లిషర్లు ఒప్పుకోలేదండీ. చంపడానికి ఊళ్ళో అందరికీ కారణం ఉంది, అంతవరకూ భేషుగ్గా ఉందన్నారు. హంతకుణ్ణి పట్టుకోవాలని మాత్రం ఎవరికీ లేదు. పందొమ్మిదో పేజీకల్లా అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. కథ అక్కడే ఆగిపోయింది.”

“ఎవరికీనా?”

“నేను ఇంటింటికీ వెళ్ళి అడిగాను. మావిస్ గారు పోతే ఏం చేస్తారూ అని.”

“ఏమన్నారు?”

“అయితే ప్రదర్శన ఎవరు చూసుకుంటారూ అన్నారు.”

“అందరూ అదేనా?”

“డోరీన్ గారు మాత్రం, ఆ ఏడాది కేకులో మీగడ పెట్టుకోవచ్చా అన్నారు.”

మావిస్ కిటికీలోంచి బయటికి చూసింది. డెరిక్ బఠాణీ తీగలకు పుల్లలు గుచ్చుతున్నాడు. “మా ఆయన్ని అడిగారా?”

“అడిగాను. చూద్దాం అన్నారు.”

ఆ మాట గుచ్చుకుంది. ఎంత గుచ్చుకుందంటే, ఆమె జీవితంలో మొదటిసారి అతిథికి అసలు సంగతి చెప్పేసింది. “నన్ను మళ్ళీ చంపమ్మా,” అంది. “ఈసారి గట్టిగా చంపు.”

ఇమోజెన్ మంచి మనిషి. పైగా మొదటి పుస్తకంలో పాత్ర చిన్నదైందని ఊళ్ళో సగం మంది తన గేటు ముందు నిలబడి వాతావరణం గురించి పొడిపొడిగా మాట్లాడి పోతున్నారు. ఈసారి ఎవరూ తనని అనడానికి లేకుండా బహిరంగ ప్రకటన ఇచ్చింది. తదుపరి నవలలో మిసెస్ టర్విల్ హత్య చేయబడును. హంతకుడి పాత్ర, పరిశోధకుడి పాత్ర కోరువారు శనివారం ఉదయం పది గంటలకు గ్రామ సభాభవనం వద్ద హాజరు కాగలరు. లోపల రెండు బల్లలు వేయించింది. ఎడమ బల్ల హంతకులకి, కుడి బల్ల పరిశోధకులకి.

తొమ్మిదిన్నరకే వరుస చర్చి గోడ దాటింది. అంతమంది ఒక్క పని మీద ఏకమవడం పట్టాభిషేకం నాటి ఊరేగింపు తరవాత ఆ ఊళ్ళో ఇదే అని పెద్దలు చెప్పుకున్నారు. తోపులాట లేదు. జనం ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారు. ‘ముందు మీరు కానివ్వండి, మీకు ఎక్కువ అన్యాయం జరిగింది’ అని ఫాదర్ గారు గూచ్‌కి తన చోటు ఇవ్వడం చూసి కొందరికి కళ్ళు చెమర్చాయి. డోరీన్ అందరికీ అల్లం బిస్కెట్లు పంచింది. మావిస్ చేతిలో పేర్లు రాసుకునే అట్ట పట్టుకుని వచ్చి, ఎవరూ ఆమెని అడగకపోయినా వరుస సరిచేసింది. ఎవరో మధ్యలో దూరబోతే వెనక్కి పంపింది. తనని చంపడానికైనా పద్ధతి పద్ధతే.

ఒక్కొక్కరూ తమ కారణం చెప్పుకుంటుంటే ఆమె పక్కనే నిలబడి విన్నది.

“ఉల్లిపాయలండీ,” అన్నాడు గూచ్ టోపీ తీసి. “రెండు వేల పద్నాలుగు.”

“పదిహేను,” అంది మావిస్. “ఆగస్టు ఎనిమిది. నీ ఉల్లిపాయలు బాగానే ఉన్నాయి బార్నబీ. దారమే బాగాలేదు.”

“ఆ మాట అప్పుడే అంటే సరిపోయేది కదమ్మా,” అన్నాడు గూచ్. తొమ్మిదేళ్ళలో అతను ఆమెతో ఆడిన మొదటి మాట అది.

వరుసలో పదిహేడో మనిషి దగ్గరికి వచ్చి మావిస్ ఆగిపోయింది. అది డెరిక్.

“నువ్వేంటి ఇక్కడ?”

“రొట్టె కోసం బయల్దేరాను. వరుస కనిపించింది, నిలబడ్డాను. దేనికిది?”

“నన్ను చంపడానికి.”

“ఓహో,” అన్నాడు డెరిక్. ముందున్న వీపుని, వెనకున్న మొహాన్ని చూశాడు. “సగం దాకా వచ్చేశాను. ఇప్పుడు బయటికి పోతే బాగోదేమో.”

ఆ ఊళ్ళో నిలబడ్డ వరుసలోంచి కారణం లేకుండా బయటికి పోవడం కన్నా భార్యని చంపడానికి పేరు ఇవ్వడం మర్యాద. మావిస్‌కి అది అర్థమైంది. అర్థమైనా బాధ తగ్గలేదు. తక్కినవాళ్ళు తలా రెండు నిమిషాల్లో బయటికొస్తే, డెరిక్ లోపల ఇరవై ఒక్క నిమిషాలు ఉన్నాడు. ఏడు కాడల బఠాణీ పూల గురించి ఇరవై ఒక్క నిమిషాలు చెప్పుకునేంత కడుపుమంట ఇతనికి ఉందా అని ఆమె గడియారం చూస్తూ నిలబడింది. అతను బయటికొచ్చి, ఆమె వంక చూడకుండా, రొట్టె కోసం వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి ఎడమ బల్ల మీద నూట ఎనభై ఆరు పేర్లు చేరాయి. కుడి బల్ల మీద ఎవరో మరిచిపోయిన గొడుగు ఉంది.

హత్యల నడక దిగ్విజయంగా జరిగింది. మావిస్ టీ పోసింది.

మరుసటి వసంతానికి రెండో నవల ‘చల్లారిన టీ’ విడుదలైంది. ఇచ్చిన మాట ప్రకారం మొదటి పేజీలో మావిస్ పోయింది. పరిశోధకుడు ఊళ్ళో దొరకలేదు కాబట్టి డోర్సెట్ నుంచి ఒక రిటైర్డ్ నర్సుని తెప్పించాల్సి వచ్చింది. గ్రామస్థులు మొదటి అధ్యాయాన్ని ఎంతో మెచ్చుకున్నారు. కొందరు రెండేసిసార్లు చదివారు. తరవాతి అధ్యాయాలు మాత్రం అనవసరంగా సాగదీసినట్టుందన్నారు. గ్రంథాలయం ప్రతిలో ఇరవయ్యో పేజీ దాటాక కాగితం అమ్మిన రోజున ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగానే ఉంది.

చివరి దాకా చదివింది మావిస్ ఒక్కతే. 266వ పేజీలో ఆ నర్సు చనిపోయిన కార్యదర్శి వంటగది బీరువా తెరుస్తుంది. అక్కడ ఒక పాత నోటుపుస్తకం ఉంటుంది. కార్యదర్శి పోటీలో పాల్గొనరాదని నియమం ఉంది కాబట్టి, ఆవిడ ఏటా ప్రదర్శన రోజు పొద్దున్నే ఒక విక్టోరియా కేకు చేసి, స్కేలుతో కొలిచి, తనకి తానే మార్కులు వేసుకుని, ఆ కేకు మొగుడికి పెట్టేసేది. ముప్ఫై రెండు కేకులు. ఒక్కదానికీ మొదటి బహుమతి ఇచ్చుకోలేదు. నర్సు ఆ పుస్తకం మూసి, కళ్ళద్దాలు తీసి, ముక్కూ మొహం తెలియని ఆ మనిషి కోసం ఏడుస్తుంది.

మావిస్ ఆ పేజీ దగ్గర చాలాసేపు కూర్చుంది. ఆ నోటుపుస్తకం నిజంగానే వంటగది బీరువాలో ఉంది. దాని సంగతి తెలిసినవాళ్ళు భూమ్మీద ఇద్దరే. ఆమె ఇమోజెన్‌కి చెప్పలేదు.

పాఠకుల సంఘం మాసిక సమావేశం గురువారం జరిగింది. ఈ సంఘానికీ కార్యదర్శి మావిసే. చర్చలో పాల్గొనాలి కాబట్టి సభ్యులు ముందురోజు కూర్చుని చివరి అధ్యాయం చదివి వచ్చారు. ఫాదర్ ఓట్‌వే లేచి ప్రసంగించారు.

“సోదరీ సోదరులారా, కల్పనకైనా ఒక హద్దుంటుంది. ఇలాంటి నవలకి నమ్మకమే ప్రాణం. మూడు వందల మంది ఊళ్ళో నాలుగు హత్యలన్నారు, నమ్మాం. నేను తాడుకి వేలాడానన్నారు, నమ్మాం. ఇత్తడి స్కేలుతో మనిషిని చంపవచ్చన్నారు, సంతోషంగా నమ్మాం. కానీ ఎవరో పరాయి మనిషి వచ్చి మన మిసెస్ టర్విల్ కోసం ఏడవడమా? ఆవిడని నొప్పించాలని కాదు. కానీ ఎక్కడ జరుగుతుందండీ ఇది?”

“అదేనండీ నేనూ అన్నది,” అంది డోరీన్. “చదువుతుంటే ఏదోలా అయిపోయింది. హాయిగా చదువుకుందామని కొన్న పుస్తకం.”

అందరూ తలలూపారు. అప్పుడు వెనక వరుసలోంచి డెరిక్ లేచాడు. అతను సమావేశాల్లో లేవడం ఎవరూ చూసి ఎరగరు.

“నాకు ఆ పేజీ బాగుంది,” అన్నాడు. ఇంకేదో అనబోయి ఆగాడు. జేబురుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అందరూ తమ తమ కప్పుల్లోకి చూసుకున్నారు. గూచ్ బూట్ల లేసులు సరిచూసుకున్నాడు. ఒక మగమనిషి నలుగురిలో అలా అయిపోతే సాయం చేసే మార్గం ఆ ఊళ్ళో ఇంకా కనిపెట్టలేదు.

“జలుబు,” అన్నాడు డెరిక్ కాసేపటికి. “జలుబు చేసింది లెండి.”

“అవునవును, గాలి మారింది,” అన్నారు అందరూ ఒక్కసారిగా, ఎంతో ఊరటతో. డోరీన్ కిటికీ మూసింది.

నాటి సమావేశపు మినిట్సు పుస్తకంలో కార్యదర్శి స్వదస్తూరీతో నమోదైనది ఇది: ‘చల్లారిన టీ నవలలోని హత్యలు సహజంగా ఉన్నవనియు, 266వ పేజీలోని ఏడుపు మాత్రము నమ్మశక్యముగా లేదనియు సభ ఏకగ్రీవముగా తీర్మానించినది. ప్రతిపాదించినవారు ఫాదర్ ఓట్‌వే. బలపరచినవారు మిసెస్ టర్విల్. జలుబు కారణముగా శ్రీ డెరిక్ టర్విల్ చేయి ఎత్తలేదు.’